బయట ఉన్న నిమిషాలు

పరీక్ష గదిలోకి పోయేముందు తెల్ల సూట్లు తొడుక్కునే ఇరుకు గది అది. ఒక బెంచీ, గోడకు కొక్కేలు, ఒక గడియారం. తొమ్మిదింబావు అయింది, పదిన్నరకు కమిటీ కూర్చుంటుంది. బెంచీకి ఈ కొసన సెన్సర్లను సూదులతో పరీక్షించే అమ్మాయి, ఆ కొసన ఆ సెన్సర్ల పనికి పెద్దగా ఉన్న ఆమె వదిన. నాలుగు వారాలుగా అమ్మాయి గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. ఇవాళ కక్కకపోతే ఇక ఎప్పటికీ కక్కలేనని ఆమెకు తెలుసు. పాపం, మొదలుపెట్టడమే చేతకావడం లేదు.

"అది కాదు వదినా, ఆ రెండో పేరా…"

"ఇక్కడ వదినేమిటే? గుమ్మం దాటాక మేడమ్ అనమన్నానా లేదా?"

"సరే మేడమ్. కమిటీకిచ్చే కాగితంలో ఆ రెండో పేరా మారుస్తారా మేడమ్?"

"ఏం, అచ్చుతప్పుందా?"

"అచ్చుతప్పు కాదు."

"మరింకేం. టోపీలోకి జుట్టు సరిగ్గా దోపుకో. ఒక్క వెంట్రుక పడిందంటే సెన్సర్ పని అంతే."

"ఇవాళ పరీక్షలేం లేవుగా. ఫ్రీజర్లో మన అర ఖాళీ చేసి అవతలి వాళ్లకి అప్పజెప్పడమేగా."

"అప్పజెప్పేదైనా శుభ్రంగా అప్పజెప్పాలి. ఓడిపోయాం గదా అని చెత్త వదిలేసి పోతామా?"

"ఓడిపోయామని ఎవరన్నారు? కమిటీ ఇంకా కూర్చోనే లేదు."

"కూర్చోకముందే మనం కాగితం ఇస్తే గౌరవంగా ఉంటుంది. మా పలచటి సెన్సర్‌ని వెనక్కి తీసుకుంటున్నాం, అవతలి గుంపు వాళ్ల మందపాటి సెన్సర్‌నే యంత్రానికి తీసుకోండి. నాలుగు ముక్కలు, ఒక నమస్కారం. అయిపోయింది."

"నాలుగేళ్ల పని, నాలుగు ముక్కలు."

"కవిత్వం చెప్పకు. బూట్లు తొడుక్కో."

"తొడుక్కుంటున్నా. మీరు ఆ రెండో పేరా ఒక్కసారి చదవండి."

"రాసిందే నేను. నాకు చదవడమెందుకు?"

"అయితే నేను చదువుతా. 'అంచు వలయాల గీతలో లోపం వల్ల సెన్సర్లు ఎనిమిది వందల ఇరవై వోల్టుల దగ్గర తెగిపోయాయి. ఇంతకుమించి…'"

"అబద్ధమా? తెగాయా లేదా? మీటరు ముందు కూర్చున్నది నువ్వే."

"తెగాయి. ఎనిమిదికి ఎనిమిదీ తెగాయి."

"మరి?"

"ఆ వలయాలు గీసింది మాస్కుల మాష్టారని ఈ భవనంలో వాచ్‌మన్‌కి కూడా తెలుసు. ముప్పై ఏళ్లుగా ఇక్కడ సిలికాన్ మీద అచ్చు పడిందంటే ఆ నమూనా గీసింది ఆయనే."

"పేరు రాయలేదుగా."

"పేరు రాయక్కర్లేదు. అంచు అంటే ఆయనే. ఆ మాట బయటికొచ్చిన దగ్గర్నించి ఆయన క్యాంటీనుకి రావడం మానేశాడు, గమనించారా? డబ్బా తెచ్చుకుని ప్రింటర్ గదిలో ఒక్కడూ కూర్చుని తింటున్నాడు. నేను పిలిస్తే 'కడుపు బాగోలేదు తల్లీ' అంటాడు. రోజూ బాగోదా కడుపు?"

"ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. ఈ గొడవంతా అప్పటికి ఆయనకీ గుర్తుండదు."

"ఇదే గుర్తుంటుంది. ముప్పై ఏళ్లు పోయి ఇదొక్కటే గుర్తుంటుంది."

"నీకేమైందివాళ? పొద్దున ఏమైనా తిన్నావా?"

"నాలుగు వారాల్నించీ ముద్ద దిగడం లేదు."

"అందుకే ఈ నీరసపు మాటలు. కమిటీ అయ్యాక క్యాంటీన్లో కూర్చుని సుబ్బరంగా తిందాం. పద."

"నిన్న చిట్టి ఏమడిగిందో తెలుసా?"

"నా కూతురి సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"మీరు ఇంట్లో ఉంటేగా తెలిసేది. 'అత్తా, మీ సెన్సర్లేమన్నా ఐస్‌క్రీములా, ఫ్రీజర్లో దాస్తారు?' అంది."

"ఏం చెప్పావు?"

"పెద్ద యంత్రంలో కంటికి ఆనని కణాలు దూసుకుపోతుంటే వాటి జాడ పట్టే సిలికాన్ బిళ్లలమ్మా అవి అన్నా. ఆ దెబ్బలు తినీ తినీ బిళ్ల ముసలిదైపోతుంది; పదేళ్లు ఓర్చుకుంటుందో లేదో మనకి ముందే తెలియాలి; అందుకని పదేళ్ల దెబ్బలూ రియాక్టర్లో ఒకేసారి కొట్టించి తెస్తాం అన్నా."

"ఫ్రీజరో?"

"అదీ చెప్పా. దెబ్బతిన్న బిళ్ల చలిలో ఉన్నంతసేపూ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. వెచ్చబడితే మొదట్లో కాస్త కోలుకుంటుంది. అలాగే వదిలేశామా, మొదటికన్నా అధ్వాన్నమవుతుంది."

"ఎనిమిదేళ్ల పిల్లకి బాగానే పాఠం చెప్పావు."

"పిల్ల తక్కువదా? 'మరి కోలుకోగానే గబుక్కున లోపల పెట్టేస్తే మనమే గెలుస్తాంగా' అంది."

"…"

"మేడమ్?"

"ఊఁ. నువ్వేమన్నావు?"

"అలా చేస్తే మోసం గదమ్మా అన్నా. మన బిళ్లలూ అవతలి వాళ్ల బిళ్లలూ అరగంటకు మించి బయట ఉండకూడదని రెండు గుంపులూ ఒప్పుకున్నాయి. ఎప్పుడు తీసినా ఎన్ని నిమిషాలు ఫ్రీజరు బయట ఉందో దానికని పెట్టిన పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం మీద నమ్మకం లేకపోతే మన అంకెలకి విలువే లేదు. అని చెప్పా. చెప్పేటప్పుడు దాని మొహంలోకి చూడలేకపోయా."

"ఎందుకు?"

"అదే చెప్పబోతున్నా. చెప్పనివ్వరేం మీరు?"

"టైమెంతయిందో చూశావా? అర ఖాళీ చెయ్యాలి, పెట్టెలకి చీటీలు అంటించాలి…"

తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టిన చప్పుడు. మాస్కుల మాష్టారు తలుపు జానెడు తెరిచి నిలబడ్డాడు.

"అమ్మా, లోపల సూదమ్మ ఉందా?"

"ఉన్నాను మాష్టారూ. రండి."

"రానులే తల్లీ, బూట్ల మీద దుమ్ము. నాకొక ఉపకారం చెయ్యాలి. ఆ తెగిన బిళ్లల్లో ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి నాలుగు మూలలూ చూపిస్తావా? రెండు నిమిషాలు చాలు."

"ఇప్పుడెందుకు మాష్టారూ? పదిన్నరకి కమిటీ పెట్టుకుని…" అంది వదిన.

"పదిన్నరకి కమిటీ ఉంది కాబట్టేనమ్మా. వాళ్లు అడిగితే నా గీత ఎక్కడ చెడిందో నేనే వేలు పెట్టి చూపించాలి. చెడిందంటే చెడింది, ఒప్పుకుంటా. దాంట్లో నాకేం నామోషీ లేదు. ఎక్కడ చెడిందో తెలియకుండా ఒప్పుకోవడమే కష్టంగా ఉంది."

"మీరేం ఒప్పుకోనక్కర్లేదు. అక్కడ నేను మాట్లాడతాను."

"మీరు నన్ను వెనకేసుకొస్తారని నాకు తెలియదా? అది మీ మంచితనం. ఆ గీతలన్నీ మళ్లీ తీసి వారం రోజులు చూశానమ్మా. నాకేం కనపడలేదు. ఇంట్లో అడిగితే కళ్లజోడు మార్చుకోవాలేమో అన్నాను. ఏదో ఒకటి అనాలిగా."

"మాష్టారూ, మీ కళ్లకేం కాలేదు."

"నువ్వూ అలాగే అంటావులే తల్లీ. చూపిస్తావా మరి?"

"చూపిస్తా. పది నిమిషాల్లో పిలుస్తా. వరండాలో కూర్చోండి."

"కూర్చుంటా. తొందరేం లేదు. భూతద్దం కూడా తెచ్చుకున్నా, ఎందుకైనా మంచిదని."

తలుపు మూసుకుంది. వరండాలో కుర్చీ ఈడ్చిన చప్పుడు వినపడి అమ్మాయికి ప్రాణం ఉసూరుమంది.

"భూతద్దం తెచ్చుకున్నాడు వదినా."

"మేడమ్."

"ఇప్పుడు మేడమ్ వద్దు. నాకు వదినే కావాలి. నువ్వు కూర్చో. ఆ సూటు జిప్పు తర్వాత లాక్కోవచ్చు."

"గదిలోకి వెళ్లాక మాట్లాడుకుందాం."

"గదిలోకి వెళ్లాక ఆ బీరువా కనపడుతుంది. అది కనపడితే నా నోరు పెగలదు. ఇక్కడే చెప్పాలి. నాలుగు వారాల కిందటి శుక్రవారం గుర్తుందా?"

"చిట్టి ఈతకొలను గట్టు మీద జారిపడ్డ రోజు. నుదుటి మీద రెండు కుట్లు. మరిచిపోతానా?"

"నువ్వు మీటింగులో ఉన్నావని అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. ఆ గొంతు వింటే పిల్లకేమైపోయిందో అనిపించింది."

"మీ అన్నయ్య సంగతి తెలిసిందేగా. వేలికి ముల్లు గుచ్చుకున్నా అంబులెన్సు కావాలంటాడు. అయినా పాత కబుర్లన్నీ ఇప్పుడెందుకు?"

"ఆ ఫోన్ వచ్చేటప్పటికి పెట్టె నా చేతిలో ఉంది."

"ఏ పెట్టె?"

"మన ఎనిమిదీ ఉన్న పెట్టె. రియాక్టర్ నుంచి వచ్చింది ఆ రోజేగా. లెక్క చూసి మళ్లీ ఫ్రీజర్లో పెట్టబోతున్నా. తలుపు మంచు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులూ పెట్టి లాగాలని పెట్టెని పక్కనున్న ఆరబెట్టే బీరువా మీద పెట్టా."

"ఊరుకో. ఇంక చాలు."

"బీరువా పైభాగం ఎంత వెచ్చగా ఉంటుందో నీకు తెలుసుగా. చలిగా ఉంటే మనం చేతులు కాచుకునేది దాని మీదే. రెండు క్షణాలే గదా అనుకున్నా. అప్పుడే బయట ఫోన్ మోగింది. పరుగెత్తా. అటునించటే ఆసుపత్రికి పోయా."

"ఆ రోజు నువ్వు లేకపోతే మీ అన్నయ్య చేతులెత్తేసేవాడు. నీ మేలు మరిచిపోను. ఇంక ఆ మాట వదిలెయ్."

"వదినా, నేను చెప్పేది మేలు సంగతి కాదు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే పెట్టె అక్కడే ఉంది. విన్నావా?"

"విన్నాను."

"శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా వేడి బీరువా మీద ఉన్నాయి. గబగబా ఫ్రీజర్లో పెట్టేశా. పుస్తకం తీశా. అందులో పదకొండు నిమిషాలని రాసి ఉంది."

"ఎవరు రాశారు?"

"నేనే. నాదొక పాడు అలవాటు. పెట్టె లోపల పెట్టాక గ్లవ్స్ మంచుకి తడిసిపోతాయి, పెన్ను జారుతుంది. అందుకని పెట్టబోయే ముందే గడియారం చూసి అంకె వేసేస్తా. శుక్రవారం ఆ అంకె వేసినప్పుడు అది అబద్ధం కాదు వదినా. సోమవారం దాన్ని కొట్టేయలేదు చూడు, అప్పుడు అబద్ధమైంది."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"మీ అన్నయ్యకి?"

"అన్నయ్యకా? ఫోన్ చేసింది తనే గదా అని మంచం పట్టేస్తాడు."

"అయితే చెప్పకు. ఎవరికీ చెప్పకు. విన్నాను, అయిపోయింది. పద లోపలికి."

"అయిపోవడమేంటి? ఎనిమిదీ తెగింది అందుకేగా. ఆరు వందల వోల్టులకే నిండి పూర్తిగా పనిచేయాల్సిన బిళ్లలు వేడి తిని పాడయ్యాయి. ఎనిమిది వందలకి కూడా నిండలేదు. ఇంకా పెంచు, ఇంకా పెంచు అన్నావు, పెంచా. ఎంత మంచి అంచైనా ఎక్కడో ఒకచోట తెగకుండా ఉంటుందా? ఆరు వందలకే నిండి ఉంటే అంతదాకా పోవాల్సిన పనేముంది? మాష్టారి గీతలో ఏ లోపమూ లేదు. లోపమంతా నా చేతిలో ఉంది."

"నువ్వు అనుకుంటున్నావు. రుజువేముంది?"

"వాడని బిళ్లలు ఇంకో ఎనిమిది ఉన్నాయి. రియాక్టర్ వాళ్లని అడిగా, వచ్చే వారం ఖాళీ ఉందన్నారు. కమిటీ రెండు వారాలు ఆగితే చాలు, మళ్లీ కొట్టించుకొచ్చి సరిగ్గా చలిలో పెట్టి చూడొచ్చు. రుజువు దానంతటదే వస్తుంది."

"కమిటీ ఆగదు."

"నిజం చెప్తే ఆగుతుంది. పోయిన ఏడాది అవతలి వాళ్ల పెట్టె దారిలో కింద పడిందంటే నెలరోజులు ఆగలేదా?"

"వాళ్లది ప్రమాదం. వెంటనే చెప్పారు. నువ్వు నాలుగు వారాలు దాచావు. దాచినదాన్ని ఉద్యోగంలో ఉంచుతారా? నెలాఖరుకి నీది పర్మనెంటు అవుతుంది. నిన్ననే సంతకం పెట్టాను. ఏమని రాశానో తెలుసా? 'ఈమె పుస్తకంలో వేసిన అంకెని కళ్లు మూసుకుని నమ్మవచ్చు' అని."

"అయ్యో వదినా, ఆ మాటే రాయాలా?"

"ఇంకేం రాయను?"

"నాకు పర్మనెంటు వద్దు. ఈ మొహం పెట్టుకుని ఆ జీతం ఎలా తీసుకోను? వరండాలో ఆ పెద్దాయన లేని తప్పు వెతుక్కోవడానికి భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయనకి మైక్రోస్కోపు సరిచేసి ఇవ్వాలి. ఇదిగో చూసుకోండి మాష్టారూ, మీ తప్పు ఎక్కడుందో అని."

"ఏడవకు. సూటు తడుస్తుంది."

"తడవనీ."

"నీళ్లు తాగు. ఇదిగో. నేను రెండో పేరా తీసేస్తాను, సరేనా? అంచు మాట ఎత్తను. కారణాలు తెలియలేదని రాస్తాను. ఆయన పరువు నిలబడుతుంది, నీ ఉద్యోగం నిలబడుతుంది."

"నీ సెన్సరో?"

"పోతే పోయింది."

"నాలుగేళ్లు వదినా. చిట్టి మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు నువ్వు రాలేదు, ఈ సెన్సర్ కోసం. మీ పెళ్లిరోజుకి అన్నయ్య రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంటే నువ్వు ఇక్కడే ఉన్నావు, ఈ సెన్సర్ కోసం. అదంతా నా రెండు క్షణాల మతిమరుపుకి నీళ్లపాలు చేసుకుంటావా?"

"నా సెన్సర్, నా ఇష్టం. ఇంక దీని గురించి మాట్లాడొద్దు."

"ఒకటి అడుగుతా. నిజం చెప్తావా?"

"అడుగు."

"మొదటి బిళ్ల కొలిచిన రోజు నా వెనకే నిలబడ్డావు. బిళ్ల నిండే వోల్టేజీ చూస్తే అంత పెరిగింది. లీకేజీ కరెంటు చూస్తే అనుకున్నదానికన్నా తగ్గింది. ఒకటి పెరిగి ఒకటి తగ్గిందంటే బిళ్ల వేడి తిన్నదని అర్థం. ఆ ముక్క నాకు నేర్పింది నువ్వే. ఇప్పుడు అడుగుతావు, ఇప్పుడు అడుగుతావు అని చూస్తూ కూర్చున్నా. నువ్వేం అడగలేదు."

"పనిలో ఉన్నాను. గమనించలేదు."

"నువ్వా? చీమ తలకాయంత గీత ఉన్నా పది అడుగుల దూరం నుంచి పట్టేస్తావు. నువ్వు గమనించలేదా?"

"అలసిపోయి ఉన్నాను."

"కాదు. నీకు ఆ రోజే తెలిసిపోయింది. కదూ?"

"నీ టోపీ మళ్లీ జారింది, సరిచేసుకో."

"ఆ రోజే తెలిసింది. తప్పు నాదని తెలిసి కూడా నోరు మెదపలేదు. నన్ను కాపాడ్డానికి."

"అలా అనకు."

"మరెందుకు? నేను చేసిన పనికి నా చెంప పగలగొట్టాల్సింది పోయి, నా పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టావు. సొంత అక్క కూడా ఇంత చెయ్యదు. నేను నీ దగ్గర నాలుగు వారాలు దాచా, నువ్వు నా కోసం నాలుగేళ్లు వదులుకుంటున్నావు. నిన్ను తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది."

"చెప్తున్నానా, అలా అనకని. నన్ను అలా అనకు. వినలేను."

"అంటాను. కమిటీ ముందు కూడా అంటాను. తప్పు నాది, మేడమ్‌కి ఏ పాపమూ తెలియదు, మాష్టారి గీతలో ఏ దోషమూ లేదు అని నేనే నిలబడి చెప్తా. మీరందరూ తలెత్తుకుని ఉండండి, నేనొక్కదాన్నీ దించుకుంటే చాలు."

"నమ్మరు. ఆడపడుచు వదిన కోసం తప్పు నెత్తిన వేసుకుందంటారు. వాడని బిళ్లలకి ఇంకో అవకాశం దొరకాలని ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు."

"అంటారని నాకూ తెలుసు. అందుకే పొద్దున్నే గేటు దగ్గర ఆఫీసులో అడిగి వచ్చా."

"ఏమని?"

"తలుపు కార్డుల రికార్డు ఇవ్వమని. పరీక్ష గది తలుపు ఎవరు ఎప్పుడు తీశారో అందులో ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నేను పరుగెత్తిన టైము, సోమవారం పొద్దున తిరిగి వచ్చిన టైము. మధ్యలో ఈ తలుపు ఎవరూ తీయలేదని అచ్చులో కనపడుతుంది. ఇంక ఎవర్నీ అనుమానించే పనే ఉండదు. పది గంటలకల్లా ఇస్తానన్నాడు."

"వద్దని చెప్పు."

"ఎందుకు?"

"వద్దన్నాను గదా. ఫోన్ చేసి అక్కర్లేదని చెప్పు."

"అదుంటేనే గదా నీ మీద మచ్చ రాకుండా ఉండేది. ఆ రెండు రోజులూ ఇటు ఎవరూ రాలేదు…"

"వచ్చారు."

"ఎవరొచ్చారు వదినా?"

"శనివారం చిట్టికి మందు తెస్తానని నేను బయల్దేరాను, గుర్తుందా? రెండు వీధుల అవతలి షాపుకి గంటన్నర పట్టిందేమని మీ అన్నయ్య సణిగాడు."

"మీరు ఇక్కడికొచ్చారా?"

"బిళ్లలు క్షేమంగా చేరాయో లేదో ఒక్కసారి చూసుకుని పోదామని వచ్చాను. నిజంగా అందుకే వచ్చాను."

"అప్పుడు పెట్టె?"

"బీరువా మీదే ఉంది."

"మీరు చూడలేదేమో."

"చూశాను."

"చూసి కూడా… మీరూ మరిచిపోయారా? నాలాగే?"

"సాయంత్రం మళ్లీ వద్దామనుకున్నాను. చిట్టికి జ్వరమొచ్చింది. ఆదివారమూ దిగలేదు. పిల్లని వదిలి కదల్లేకపోయాను."

"సాయంత్రం మళ్లీ రావడమెందుకు? చూసినప్పుడే ఫ్రీజర్లో పెట్టేస్తే పోయేదిగా. చేయి చాపితే అందేంత దూరంలో ఉంది ఫ్రీజరు."

"చేతిలోకి తీసుకున్నాను కూడా. గోరువెచ్చగా ఉంది. పుస్తకం తెరిచి చూస్తే నీ చేతిరాతతో పదకొండు నిమిషాలని ఉంది. ఇంకొక్క పూట ఉంటే బిళ్లలు ఇంకాస్త కోలుకుని అంకె బాగుంటుంది, ఎప్పుడైనా బయటపడినా ఆ తప్పు నీ పేరునే ఉంటుంది అనుకుని, పెట్టెని మళ్లీ అక్కడే పెట్టి తలుపేసుకుని వచ్చేశాను."